సగటు వానకి ఊళ్లు మునగవు

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. వేలమంది జనం కొట్టుకుపోనారు. ఆ ఊరికి ఏడాదికి పడే వాన 30 అంగుళాల పైచిలుకు. దాన్ని 365 రోజులకి పంచితే రోజుకి అంగుళంలో పదో వంతు కూడా రాదు. ఆ లెక్క చూస్తే ఎవడికైనా భయమేస్తాదేటి? కానీ ఆ ముసురులో శంషాబాద్ కాడ ఒక్క రోజులోనే 12 అంగుళాలు దాటింది. ఏడాది వానలో మూడో వంతు పైగా ఒక్క రోజులో దిగిపోనాది.

ఆ నీటిని లెక్క కట్టడానికి నిజాం సర్కారు పిలిపించుకున్న మనిషి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినం అని ఆయన ఫొటోకి దండేసి, టైముకి వచ్చేవాడని చెప్పి వదిలేస్తారు. నేను ఏ ఇంజనీరింగ్ కాలేజీ మెట్టూ ఎక్కలేదు. దొరికిన పుస్తకాలు చదివి తెలుసుకున్నదే ఇది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆయన దగ్గర మనం నేర్చుకోవాల్సింది నీళ్ల లెక్క.

ఇంటిపేరు మన గిద్దలూరు వైపున్న మోక్షగుండం ఊరిది. పుట్టింది మైసూరు రాజ్యంలోని ముద్దేనహళ్లిలో. చిన్నప్పుడే తండ్రి పోనాడు. పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగుళూరులో బీయే చదివినాడు, తరవాత పూనాలో ఇంజనీరింగు. 1884లో బొంబాయి సర్కారు కొలువు. 1903లో ఖడక్‌వాస్లా డ్యాముకి వాటంతటవే లేచి మూసుకునే గేట్లు పెట్టించినాడు. నీటిమట్టం గీత దాటితే గేటు లేస్తాది, తగ్గితే దిగిపోతాది. నీళ్లు ఈ నెలలో సగటున ఎంతొచ్చినాయో ఆ గేటు అడగదు. ఈ క్షణాన ఎంత మట్టం ఉందో అదే చూస్తాది.

1909లో హైదరాబాదు వచ్చినాడు. ఆయన ముందున్న ప్రశ్న ఇది: ఏరు ఎక్కువ ఉరిమిన ఆ ఘడియలో సెకనుకి ఎన్ని నీళ్లు పారినాయి? తేలిన లెక్క 4,25,000 క్యూసెక్కులు. అంటే సెకనుకి కోటీ ఇరవై లక్షల లీటర్లు. అంత జోరు ఎందుకొచ్చిందంటే, ఎగువన రెండొందల పైచిలుకు చెరువులు ఒకదాని మీద ఒకటి తెగినాయి. నెలలు నిలవున్న నీళ్లు నిమిషాల్లో వదిలేసినట్టయింది. నీళ్లు అవే, పారిన టైము తగ్గిపోనాది. టైము తగ్గితే రేటు పెరుగుతాది.

ఇంటర్ లెక్కల్లో అవకలనం దగ్గర మీరు బట్టీ పట్టేది ఇదే. చోడవరం నుంచి అనకాపల్లి ఇంచుమించు 20 కిలోమీటర్లు. బస్సుకి గంట పడితే సగటు వేగం గంటకి 20. మరి గోతిలో పడి చక్రం విరిగిన క్షణాన బస్సు వేగం ఎంత? దానికి సగటు జవాబు చెప్పలేదు. ఆ క్షణం చుట్టూ అయిదు నిమిషాలు తీసుకోండి, తరవాత ఒక నిమిషం, తరవాత ఒక సెకను. టైముని కుదించుకుంటూ పోతే సగటు వేగం ఏ అంకె దగ్గరకి చేరుతుందో, అదే ఆ క్షణం వేగం. పుస్తకంలో దీన్నే తత్క్షణ మార్పు రేటు అంటారు.

ఈ లెక్కతోనే ఆయన మూసీకి మందు రాసినాడు. నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టమన్నాడు. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. వరద జోరుగా లోపలికి వస్తాది, బయటికి మాత్రం ఊరు తట్టుకునేంతే వదలాలి. మధ్యలో మిగిలింది డ్యాములో నిలవ. ఇక్కడ ఒక చిత్రం చూడండి. మట్టం బాగా పైకెక్కేది వరద జోరు గరిష్ఠంగా ఉన్నప్పుడు కాదు. జోరు తగ్గుతూ తగ్గుతూ, లోపలికొచ్చేదీ బయటికెళ్లేదీ సమానమయ్యే క్షణాన. అప్పుడు మట్టం మార్పు రేటు సున్నా. వాన తగ్గింది కదా అని గట్టు మీద నుంచి ఇంటికెళ్లిపోకూడదని మన రైతులు ఊరికే అనలేదు.

తరవాత మైసూరుకి చీఫ్ ఇంజనీరు, 1912 నుంచి దివాను. కృష్ణరాజసాగర్ అందరికీ తెలిసిందే. వెనకబడిన కులాలకి కొలువుల్లో వాటా ఇవ్వాలన్న దగ్గర మహారాజుతో పొసగక 1918లో దివాన్‌గిరీ వదులుకున్నాడు. ఆ విషయంలో ఆయనతో నాకు పేచీ ఉంది, దాన్ని దాచను. 1955లో భారతరత్న, 1962లో మరణం.

ఇప్పుడు మన సంగతి. శారద, బొడ్డేరు, పెద్దేరు ఎప్పుడు ఉరుముతాయో చోడవరం చుట్టుపక్కల వాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక రాత్రి వానకి గెడ్డ గట్టు తెగి వరి మడిలో ఇసక మేట వేస్తాది, చెరకు పడిపోతాది. నష్టం రాయించడానికి పోతే ఒక ఆఫీసులో నాకు చూపించింది సీజను అంకె. సాధారణ వర్షపాతమట! మన దేశంలో వాతావరణ లెక్క ప్రకారం సగటుకి 19 శాతం అటూ ఇటూ ఉంటే సాధారణమే. జూన్, జులైల్లో ఎండిపోయి, ఆగస్టులో ఒక్క రాత్రి ముంచేసినా, రెండూ కలిపి పంచితే కాగితం మీద అంతా చక్కగా కనబడతాది. సగటు అబద్ధం కాదు గానీ, రైతు మునిగిన గంట అందులో కనబడదు.

అందుకని మనం అడగాల్సినవి రెండు. వాన లెక్క గంట గంటకీ ఊరి పేరుతో బయటపెట్టాలి. జలాశయం గేటు ఎత్తే ముందే ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో దిగువ ఊళ్లకి చెప్పాలి. వాళ్లు ఇచ్చేదాకా కూర్చోవక్కర్లేదు. నిటారు గోడలున్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, పావుగంటకోసారి స్కేలుతో కొలిచి, టైము పడేలా ఫోన్లో ఫొటో తియ్యండి. వంతెన స్తంభం మీద అడుగులు గీసి, ఏరు గంటకి ఎన్ని అడుగులు లేచిందో రాసుకోండి. రేపు ఎవరైనా సగటు చూపిస్తే, మన దగ్గర ఆ రాత్రి లెక్క ఉండాలి.