జానపద బ్రహ్మ విఠలాచార్య

చలనచిత్ర చరిత్రను వ్రాసేవారు భారీ వ్యయంతో తీసిన చిత్రాలను గురించి, బహుమతులందుకొన్న కళాఖండాలను గురించి విపులంగా ముచ్చటిస్తారు. డేరా హాళ్లలో నేల టిక్కెట్టు కొనుక్కొన్న జనం కేరింతలు కొడుతూ చూచిన చిత్రాలకు ఆ గ్రంథాలలో దక్కే స్థానం స్వల్పం. అల్పమైన పెట్టుబడితో దయ్యాలను, అస్థిపంజరాలను, మాయాద్వీపాలను తెలుగు తెరపై నిలిపిన బి. విఠలాచార్య జీవితాన్ని ఈ సంచికలో స్మరించుకొనడం సముచితమని మేము భావిస్తున్నాము. ఆయన మన ప్రాంతీయులు కారు. కాని ఆయన చిత్రాలలో కత్తి పట్టిన కథానాయకుడు మనవాడే. మునగాలకు సమీపాన, కోదాడ చెంతనున్న గుడిబండ గ్రామంలో 1923లో జన్మించిన తాడేపల్లి లక్ష్మీకాంతారావు ఆ చిత్రాల ద్వారానే కత్తి కాంతారావుగా తెలుగునాట ఇంటింటికీ పరిచితులైనారు.

విఠలాచార్య 1920లో కర్ణాటకలోని ఉడుపి ప్రాంతంలో జన్మించారు. ఆయన మాతృభాష తెలుగు కాదు. పాఠశాల చదువు ప్రాథమిక దశలోనే ముగిసింది. బ్రతుకుతెరువు వెదకుకొంటూ చిన్న వయస్సులోనే ఇల్లు విడిచి, అరసికెరెలో హోటలు నడిపారు. పిదప మిత్రులతో కలసి టూరింగ్ టాకీస్ వ్యాపారంలో ప్రవేశించారు. ఈ రెండు వృత్తులూ ఆయనకు విశ్వవిద్యాలయాలై ఉంటాయని మా ఊహ. ఏ పూట లెక్క ఆ పూట తేల్చుకొనకపోతే హోటలు నిలువదు. ఏ ఘట్టంలో జనం ఊపిరి బిగబట్టి చూస్తారో, ఏ ఘట్టంలో బీడీ ముట్టించుకొనడానికి లేచిపోతారో డేరాలో నిలుచున్నవానికి ఇట్టే తెలుస్తుంది.

మైసూరులో మహాత్మా పిక్చర్స్ పక్షాన కన్నడ చిత్రాల నిర్మాణంలో పాలుపంచుకొన్న పిమ్మట, ఆయన విఠల్ ప్రొడక్షన్స్ అనే స్వంత సంస్థను నెలకొల్పారు. 1955లో 'కన్యాదానం' చిత్రంతో తెలుగువారికి పరిచయమైనారు. 1959లో వచ్చిన 'జయవిజయ' ఆయనను జానపద మార్గానికి మళ్లించింది. అందులో కథానాయకుడు కాంతారావు. ఆ తరువాత 'కనకదుర్గ పూజామహిమ' 1960లోను, 'మదనకామరాజు కథ' 1962లోను, 'గురువును మించిన శిష్యుడు' 1963లోను, 'జ్వాలాద్వీప రహస్యం' 1965లోను వారిరువురి కలయికలో వెలువడినాయి. నందమూరి తారక రామారావుతో 'బందిపోటు', 'అగ్గిపిడుగు' వంటి చిత్రాలను కూడ ఆయన రూపొందించారు.

ఈ కథల మూలాలు మన రెండు భాషలలోనూ ఉన్నాయి. మధిర సుబ్బన్న దీక్షితులు సంతరించిన కాశీ మజిలీ కథలలోని రాకుమారులు, మాంత్రికులు, శాపగ్రస్తలైన కన్యలు తెలుగు పాఠకులకు చిరపరిచితులు. 1883 మొదలుకొని లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం ప్రకటించిన ఉర్దూ దాస్తాన్ 'తిలిస్మె హోష్‌రుబా'లోనూ ఇటువంటి మాయానగరాలే కానవస్తాయి. అరేబియా కథల నుండి గ్రహించిన ఆలీబాబా గాథను సైతం విఠలాచార్య 1970లో తెలుగు తెరకెక్కించారు. తెలుగు అవ్వ చెప్పినా, ఉర్దూ నానీ చెప్పినా, నిదురపోని పిల్లవాని కన్నులలో మెరిసే ఆశ్చర్యం ఒక్కటే గదా!

ఇక ఆ మాయలు తెరపై ఎట్లు సిద్ధించేవో విద్యార్థులు తెలుసుకొనడం మంచిది. కెమెరాను ఒక్క క్షణం ఆపి, నటుని పక్కకు తప్పించి మరల నడిపిస్తే మనిషి మాయమైనట్లు కనబడుతుంది. ఫ్రాన్సు దేశపు ఇంద్రజాలికుడు జార్జ్ మెలియెస్ 19వ శతాబ్ది చివరిలోనే ప్రయోగించిన ఉపాయమిది. ఒకే ఫిల్మును వెనుకకు చుట్టి రెండవసారి చిత్రీకరిస్తే, గోడ ఆనవాళ్లు తనలోనుండి కనిపించే దయ్యం పుడుతుంది. నల్లని తెర ముందు నల్లని వస్త్రం కప్పుకొన్నవాని తల మాత్రమే గాలిలో తేలుతుంది. కోటగోడ మీదినుండి దూకిన దృశ్యాన్ని తిరగవేసి చూపితే వీరుడు నేలనుండి గోడమీదికి ఎగురుతాడు. వీనికి కావలసినవి ధనరాశులు కావు. ఓర్పు, కొలత, కాలగణన. ఒక సెట్టుకే రంగు మార్చి, తెరలు మార్చి, నిన్నటి రాజసభను నేటి మాంత్రికుని గుహగా చేయడం ఆయనకు పరిపాటి. నటుడెవరైనా సమయానికి రాకపోతే, ఆ పాత్రను శాపవశాన చిలుకగానో జంతువుగానో మార్చి చిత్రీకరణ సాగించేవారని పరిశ్రమలో నేటికీ కథలుగా చెప్పుకొంటారు.

ఈ పొదుపు విద్యకు పరాకాష్ఠ 1978లో విడుదలైన 'జగన్మోహిని'. జయమాలిని మోహినీ పిశాచంగా, నరసింహరాజు కథానాయకునిగా, ప్రభ ఆయన ఇల్లాలిగా నటించారు. పేరుమోసిన తారలు లేరు, అయినను జనం తండోపతండాలుగా వచ్చారు. వంటచెరకుకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేసే దయ్యం తెలుగువారి జ్ఞాపకాలలో నిలిచిపోయింది. 2009లో తమిళంలో ఆ కథను మరల నిర్మించారు. అమెరికాలో జార్జ్ రొమేరో 1968లో సుమారు 1,14,000 డాలర్లతో తీసిన శవాల కథ, బొంబాయిలో రామ్సే సోదరులు 1972లో తీసిన 'దో గజ్ జమీన్ కే నీచే' ఈ కోవలోనివే. భయానికి బహుమూల్యమైన భవనాలు అక్కరలేదని మూడు చోట్లా రుజువైంది.

ఆ చిత్రాలలో లోపాలు లేవని మేము వాదించము. కథలో తర్కం తక్కువ. స్త్రీల నృత్యాలు పలుచోట్ల కేవలం ఆకర్షణ కొరకే చొప్పించబడినాయి. చేతబడి, బాణామతి అనే అనుమానాలతో అమాయకులను హింసించిన ఉదంతాలు మన పల్లెలు ఎరుగనివి కావు గనుక, మంత్రగాళ్ల మహిమలను చూపే చిత్రాలను విమర్శించడం న్యాయమే. అయితే తెరమీది దయ్యం ఫిల్ము చుట్టలోనుండి పుట్టినదని గ్రహించిన విద్యార్థి, ఊరిలోని దయ్యాన్ని గురించి కూడ ప్రశ్నింపగలడు. ఆ మర్మాన్ని విప్పి చెప్పే బాధ్యత చదువుకొన్న మనది.

మన కాంతారావు జీవితం ఈ కథకు రెండవ పార్శ్వం. 'లవకుశ'లో లక్ష్మణునిగా, 'నర్తనశాల'లో శ్రీకృష్ణునిగా మన్ననలందుకొన్న ఆ నటులు 1969లో 'సప్తస్వరాలు' నిర్మించారు. చిత్రనిర్మాణం ఆయనకు నష్టాలనే మిగిల్చింది. చివరి రోజులు ఆర్థికపుటిబ్బందులలో గడచి, 2009 మార్చిలో హైదరాబాదులో కన్నుమూశారు. తెరపై వంద దయ్యాలను జయించిన కత్తి, అప్పు అనే భూతం ముందు నిలువలేకపోయింది. ఇది ఆయన ప్రతిభకు కొరత కాదు. కళ వేరు, లెక్క వేరు. రెండింటినీ ఒక చేత పట్టగలిగినవారు అరుదు.

అట్టి అరుదైనవారిలో విఠలాచార్య ఒకరు. 1999 మే నెలలో ఆయన కీర్తిశేషులైనారు. పెద్ద చదువులు లేక, పరభాషలో, పరిమితమైన ధనంతో ఆయన ఒక మార్గాన్ని నిర్మించుకొన్నారు. సామగ్రి లేదని, సౌకర్యాలు లేవని మన ప్రయత్నాలను వాయిదా వేసుకొనే వేళ, రంగు మార్చిన ఒక్క సెట్టుతో లోకాలను సృష్టించిన ఆ శ్రమజీవి మనకు జ్ఞప్తికి రావాలని మా ఆకాంక్ష.