పిల్లల కళ్ల ముందు ఎవరున్నారు? - భాగ్యరెడ్డి వర్మ జీవితం



అక్కలారా, అన్నలారా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మీ ఇంట్లో గోడ మీద బాబాసాహెబ్ ఫోటో ఉంది, పక్కన తథాగతుని ఫోటో ఉంది. మరి ఆ ఫోటోల కింద కూర్చున్న మీ పిల్లవాడు పొద్దుమూకితే ఎవరిని చూస్తున్నడు? ఫోన్‌లో హీరోను చూస్తున్నడు. కల్లు దుకాణం నుంచి తూలుకుంట వచ్చే నాయనను చూస్తున్నడు. మొన్నొక సాయంత్రం మన చందూర్ వాడ పిల్లలను కూర్చోబెట్టి, పెద్దయ్యాక ఎవరి లెక్క అవుతారని అడిగిన. ఇద్దరు సినిమా హీరోల పేర్లు చెప్పిన్రు. ఒకడు డీజే కొట్టే అన్న లెక్క అయితనన్నడు. ఒక ఆడపిల్ల మాత్రం తల దించుకొని ఊకున్నది. హీరోల పేర్లకు నాకు బాధ కాలేదు గాని, ఆ పిల్లకు చెప్పడానికి ఒక్క పేరు కూడా దొరకలేదే అన్నది ఇప్పటికీ మనసులో తిరుగుతున్నది.

మంగళ సుత్తం మనం వందనలో చదువుతాం. మూర్ఖుల సావాసం మానాలి, తెలిసినవారి సావాసం చేయాలి, గౌరవించదగిన వారిని గౌరవించాలి - తథాగతుడు చెప్పిన మొట్టమొదటి మంగళం ఇదే. దానం గురించిన మాట కూడా దాని తర్వాతే వస్తుంది. పిల్లలకు ఈ మంగళం అందాలంటే గౌరవించదగిన మనిషి ఎవరో మనం చూపించాలి. అలాంటి మనిషి కోసం దూరం పోనక్కర లేదు. మన హైదరాబాద్‌లోనే పుట్టిన భాగ్యరెడ్డి వర్మ గారున్నారు.

1888 మే 22న ఒక మాల ఇంట్లో పుట్టారు. తండ్రి మాదరి వెంకయ్య. పెట్టిన పేరు భాగయ్య. ఆ కుటుంబానికి ఒక గురువు ఉండేవారు. ఈ నేలను మొదట ఏలినవాళ్లు మీరే, రెడ్డి అంటే రేడు అనే మాట నుంచి వచ్చింది, కాబట్టి ఈ పిల్లవాడు భాగ్యరెడ్డి అని ఆయన పేరు మార్చారు. భాషాశాస్త్రం ప్రకారం అది ఎంత వరకు సరి అన్నది వేరే సంగతి. ఒక మాల పిల్లవాడిని ఊరు సగం పేరుతో, తిట్టుతో కలిపి పిలిచే రోజుల్లో, ఒక పెద్దమనిషి వాడిని పిలిచి నువ్వు ఏలినవాళ్ల బిడ్డవు అని చెప్పడం ఎంత మాట! ఆ మాట ఆ పిల్లవాడి లోపల నాటుకుపోయింది. ముందుముందు అది ఏ చెట్టయిందో చూద్దురు గాని.

ఆయనకు పెద్ద చదువులు లేవు. వయసు రాకముందే డోస్ సాంటోస్ అనే బారిస్టర్ ఇంట్లో పనివాడిగా కుదిరారు. పుస్తకాల రుచి ఆ ఇంట్లోనే తెలిసింది. పనివాడి చేతిలో చీపురు చూసి ఊరుకోకుండా, వాడి బుద్ధిని కూడా చూసిన యజమాని దొరకడం అదృష్టమే. బాబాసాహెబ్ జీవితంలో కూడా ఇట్లాంటి మనిషి ఉన్నారు కదా. బొంబాయిలో సాయంత్రం పూట తోటలో కూర్చొని చదువుకునే పిల్లవాడిని కేలూస్కర్ మాస్టారు గమనించారు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు తాను రాసిన బుద్ధుని జీవితం చేతిలో పెట్టారు. 1956లో నాగపూర్‌లో జరిగినదానికి ఆ పుస్తకం ఒక విత్తనం.

భాగ్యరెడ్డి గారు 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్మిత్ర మండలి పెట్టారు. చదువు రాని జనానికి కరపత్రాలు పంచితే ఏం లాభం? అందుకని హరికథలు, భజనలు చెప్పించి వాటి మధ్యలో తన మాట చెప్పేవారు. 1911లో అది మాన్య సంఘమైంది. తాగుడు మానమన్నారు, బాల్యవివాహాలు వద్దన్నారు, వాడలో తగాదాలను వాడ పంచాయతీలే తీర్చుకోవాలన్నారు. ఆడపిల్లలను దేవుడి పేరు మీద జోగినులుగా, బసివిలుగా వదిలేసే ఆచారాన్ని గట్టిగా ఎదిరించారు.

ఇక్కడ కొంచెం ఆగాలె. జోగిని సంగతి నిజామాబాద్ జిల్లా వాళ్లకు ఒకరు చెప్పనక్కర లేదు. మన చందూర్ మొన్నమొన్నటి దాకా వర్ని మండలంలోని ఊరే. ఆ వర్ని కేంద్రంగానే హేమలతా లవణం గారు జోగినుల మధ్య పని చేశారు. నిషేధ చట్టం వచ్చింది 1988లో. భాగ్యరెడ్డి గారు ఈ మాట ఎత్తిన డెబ్బై ఏళ్లకు పైగా గడిచాక! ఆ డెబ్బై ఏళ్లలో ఎంతమంది పిల్లలు తమ అమ్మను ఊరు ఏమని పిలిచిందో విని పెరిగారో లెక్కపెట్టేవాళ్లు లేరు. తల దించుకున్న ఆ పిల్ల ఇట్లాంటి నేల మీద పుట్టింది.

ఆయన పనిలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది బడులు. 1910లో మొదలుపెట్టారు. ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో ఒక్కొక్కటిగా మొదలై 26 బడులయ్యాయి. సుమారు 2,500 మంది పిల్లలు చదివారు. రాజ్యమంతా ఉర్దూ నడిచే కాలంలో ఆ పిల్లలు తెలుగులో చదువుకున్నారు. తర్వాత నిజాం ప్రభుత్వమే ఆ బడులను తన చేతిలోకి తీసుకుంది. ఆ 2,500 మందికి పాఠం ఒక్కటే కాదు, తమ వాడ మనిషి పదిమందిలో నిలబడి మాట్లాడితే జనం చెవి పెట్టి వినడం కూడా కంటికి కనిపించింది. పుస్తకంలో లేని చదువు అది.

ఆ గురువు నాటిన మాట చెట్టయింది 1917లో. బెజవాడలో పంచమ మహాసభకు ఆయనను అధ్యక్షునిగా పిలిచారు. వేదిక ఎక్కిన ఆయన పంచమ అన్న పేరునే కాదన్నారు. ఈ నేలకు మొదటివాళ్లమైన మనకు ఎవరో పెట్టిన అయిదో లెక్క ఎందుకన్నారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాజ్యంలో మనవాళ్లు ఆది హిందువులుగా నమోదయ్యారు. ఒక పిల్లవాడికి ఇచ్చిన గౌరవం ఒక జాతి మొత్తానికి చేరింది.

1931లో భాగ్యనగర్ పత్రిక నడిపారు. అందులో 'వెట్టి మాదిగ' రాశారు. మాల ఇంట్లో పుట్టిన మనిషి మాదిగ వెట్టి బతుకును తన బాధగా రాశారు. మాల, మాదిగ అని ఇప్పుడు ఒకరి ఫ్లెక్సీ పక్కన ఒకరు ఫ్లెక్సీ కట్టని వాళ్లం, ఈ ముక్క పిల్లలకు తప్పకుండా చెప్పాలె.

ధమ్మం సంగతి. 1913లో, అంటే బాబాసాహెబ్ కొలంబియా చదువుకు ఓడ ఎక్కిన ఏట, భాగ్యరెడ్డి గారు హైదరాబాద్‌లో వైశాఖ పౌర్ణమి నాడు బుద్ధ జయంతి జరిపారు. నాగపూర్ దీక్షకు 43 ఏళ్ల ముందు!

అయితే ఆయనను దేవుణ్ణి చేసి చెప్పకండి. ఆయన మనలా 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవారు కాదు. వర్మ అన్నది ఆర్యసమాజం వాళ్లు 1913లో ఇచ్చిన బిరుదు, దాన్ని పేరులో ఉంచుకున్నారు. తాను నిలబెట్టిన పేరులోనూ హిందూ అనే మాట ఉంది. ఇవన్నీ పిల్లలకు దాచకుండా చెప్పాలె. దేవుణ్ణి మొక్కి వదిలేస్తారు. వెతుక్కుంటూ, ఒక్కో మెట్టు ఎక్కుతూ పోయిన మనిషి వెంట అయితే పిల్లలు నడవగలరు.

కొందరు అన్నలు నాతో అంటరు: షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డది, చెరుకు పాయె, పని పాయె, పిల్లలకు మేం ఏం చూపించాలె అని. ఆ బాధ అబద్ధం కాదు. కాని బారిస్టర్ ఇంట్లో గిన్నెలు కడిగిన పిల్లవాడికి కూడా చేతిలో ఏమీ లేదు. ఆయన తాగలేదు, చదివాడు, నలుగురిని కూడగట్టాడు. వీటిలో ఏ ఒక్కటీ ఫ్యాక్టరీ తెరిస్తేనే అయ్యేది కాదు.

1939 ఫిబ్రవరి 18న, యాభై ఏళ్లకే ఆయన పోయారు.

ఆయన పుట్టినరోజు మే 22. బుద్ధ పౌర్ణమి కూడా ఆ చుట్టుపక్కలే వస్తుంది, బడులకు సెలవులు. ఈసారి డీజేకు పెట్టే పైసలు ఆపుదాం. వాడలో ఒక చాప పరిచి, ఆయన చేసినట్టే హరికథ లెక్క, ఈ కథను పిల్లలతోనే చెప్పిద్దాం. మొదటి వంతు ఆ ఊకున్న పిల్లకు ఇస్తానని వాళ్ల అమ్మకు చెప్పిన. ఆ పొద్దు నాయనలు కూడా తాగకుండా వచ్చి ముందు వరుసల కూర్చోవాలె.