ప్రజోపకారి బెంజమిన్ ఫ్రాంక్లిన్

గ్రంథాలయములను గూర్చి ముచ్చటించునపుడు తప్పక స్మరింపదగిన మహనీయులలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. ఆయన అమెరికా దేశీయుడు. రాజ్యతంత్రజ్ఞుడుగను, విద్యుచ్ఛక్తిని పరిశోధించిన శాస్త్రజ్ఞుడుగను లోకమాయన నెఱుగును. కాని పొరుగువారితో చేయి కలిపి పదిమందికి మేలు చేయుటయే ఆయన జీవితమునకు మూలసూత్రము.

ఆయన 1706 జనవరి 17వ తేదీన బోస్టన్ పట్టణమున జన్మించెను. తండ్రి సబ్బులు, కొవ్వొత్తులు చేసి యమ్ముకొని జీవించువాడు. ఆ యింట 17 మంది బిడ్డలు. ఫ్రాంక్లిన్ 15వ వాడు. రెండేండ్లు మాత్రమే బడికి బోయి, 10వ యేట చదువు మాని, 12వ యేట అన్నగారి ముద్రణాలయమున పని నేర్చుకొన జేరెను. పుస్తకముల యంగళ్లలోని కుఱ్ఱవాండ్రతో స్నేహము చేసి, సాయంకాలమున పుస్తకము దెచ్చుకొని, రాత్రి చాలవఱకు మేల్కొని చదివి, మాయకుండ ఉదయముననే తిరిగి యిచ్చుచుండెను. అన్నతో పొసగక 1723లో ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా పట్టణము చేరెను. కొన్నియేండ్లకు అచ్చటనే సొంత ముద్రణాలయము నెలకొల్పి, వార్తాపత్రికను, ఇంటింట చదువబడిన పంచాంగమును ప్రకటించెను.

1727లో ఆయన మిత్రులతో ఒక గోష్ఠిని గూర్చెను. వారు తమతమ పుస్తకములను ఒకచోట జేర్చి యందఱు చదువుకొన దలచిరి. అందఱి సొత్తును కనిపెట్టువారు లేకపోవుటచే పుస్తకములు చెడిపోయెను. సుమారు ఏడాదికి ఎవరివి వారు తీసికొనిపోయిరి. ఫ్రాంక్లిన్ నిరుత్సాహపడలేదు. లోపము పుస్తకములలో లేదు, ఏర్పాటులోనున్నదని గ్రహించి, 1731 జులై 1వ తేదీన నిబంధనలతో కూడిన ఒడంబడిక వ్రాయించెను. 50 మంది చందాదారులు చేరిరి. ప్రవేశమునకు 40 షిల్లింగులు, పిమ్మట ఏటేట 10 షిల్లింగులు చెల్లింపవలయును. ఆ ధనముతో లండను నుండి పుస్తకములు తెప్పించి, వానిని కాపాడుటకు ఒక గ్రంథపాలకుని నియమించిరి. వారిలో పెక్కుమంది చేతిపనులవారును, చిన్న వర్తకులును. ఒక్కడు కొనజాలని గ్రంథములు ఏబదిమంది చేరగా అందఱివియు నయ్యెను. ఆ గ్రంథాలయము నేటికిని పనిచేయుచున్నది.

ఈ మార్గముననే ఆయన మఱికొన్ని కార్యములు సాధించెను. 1736లో అగ్నిప్రమాదముల నార్పు సంఘము నేర్పఱచెను; సభ్యులు తోలుబాల్చీలు సిద్ధముగ నుంచుకొని, ఎవరి యిల్లు కాలినను పరుగెత్తవలయును. 1751లో బీదల వైద్యశాలకై శాసనసభ వెనుదీయగా, ప్రజలు 2000 పౌనులు పోగుచేసినచో సభయు నంత యిచ్చునట్లు ఒప్పించెను. తమ రూపాయి రెండగునని తెలిసినపుడు దాతల చేయి సడలును గదా!

ఆయన బుద్ధి నిత్యము పనిముట్లపైననే యుండెడిది. తక్కువ కట్టెలతో గది వేడెక్కు ఇనుప పొయ్యిని గల్పించెను. గవర్నరు దానిపై హక్కుపత్ర మిచ్చెదననగా, ఇతరుల కల్పనలవలన మనము సుఖపడుచుండగా మన కల్పనను ఉచితముగ నీయవలెనని నిరాకరించెను. 1752లో కుమారుడగు విలియము తోడుగా గాలిపటమెగురవేసి, మేఘములలోని మెఱుపును విద్యుత్తును ఒకటేయని చూపెను. ఇండ్లపై నిలుపు లోహపు కడ్డీ పిడుగును భూమిలోనికి దింపి కాపాడు నుపాయము ఆయనదే. వార్ధక్యమున దూరపు చూపునకును, చదువుటకును ఒక్క కళ్లజోడే చాలునట్లు జేసికొనెను. ఎత్తైన బీరువాలోని పుస్తకము నందుకొను కఱ్ఱచేతిని కూడ గల్పించెను.

ఆయన సంసారి. 1730 నుండి డెబోరా ఆయనకు గృహిణియై అంగడి చూచుచు, అచ్చు పుస్తకములు కుట్టుచు తోడ్పడెను. 1736లో 4 ఏండ్ల కొడుకు ఫ్రాన్సిస్ మశూచికముచే మరణించెను. పొక్కుల రసమును చర్మమున నెక్కించి ఆ వ్యాధిని తప్పించు పద్ధతి అప్పటికే కలదు. ఫ్రాంక్లిన్ దానిని నమ్మినవాడే. బిడ్డకు అతిసారము కలుగుటచే వాయిదా వేసెను. ఆ పద్ధతియే బాలుని జంపెనని పుకారు పుట్టగా, చేయింపకపోవుటయే జరిగినదని తన పత్రికలో ప్రకటించెను. ఇతరుల బిడ్డలైన బ్రదుకవలెనని తన గర్భశోకమును నలుగురి యెదుట బెట్టెను.

పదిమందిని కూర్పనేర్చిన ఆయన తన యింటిని మాత్రము నిలుపుకొనలేకపోయెను. రాజకార్యములకై 1764లో ఇంగ్లాండునకు బోయి పదేండ్లకు పైగా నుండెను. సముద్రయానమునకు భయపడు డెబోరా ఇంటనే యుండి, 1774లో భర్తను చూడకయే కన్నుమూసెను. 1776లో ఫ్రాంక్లిన్ స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసెను. న్యూజెర్సీ గవర్నరుగ నున్న విలియము రాజపక్షము వీడక చెఱసాల పాలయ్యెను. యుద్ధానంతరము కుమారుడు సంధి కోరినను తండ్రి మనసు కరగలేదు. 1785లో కడసారి కలిసినపుడు లెక్కలు తీఱెను గాని మమత తిరిగి చిగురింపలేదు. కుమార్తె సేరా చెంతనే ఆయన చివరి దినములు గడచెను.

ఆయన చాలకాలము బానిసల నుంచుకొనినవాడు. వృద్ధాప్యమున అది దోషమని తలచి, 1787లో దాస్యనిర్మూలన సంఘమునకు అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో కాంగ్రెసునకు విజ్ఞప్తి పంపెను. అదే యేడు ఏప్రిల్ 17న, 84వ యేట దివంగతుడయ్యెను. బోస్టను, ఫిలడెల్ఫియా పట్టణములకు చెఱియొక 1000 పౌనులు వ్రాసి, యువకులగు చేతిపనివారికి వడ్డీకి ఋణములిచ్చుచు 200 ఏండ్లు పెంచవలయునని విధించెను. 1990 నాటికి ఆ సొమ్ము పలు లక్షల డాలర్లయ్యెను.

మసాచుసెట్సు రాష్ట్రమున నొక యూరివారు 1778లో తమ గ్రామమునకు ఆయన పేరు పెట్టుకొని, ప్రార్థనామందిరమునకు గంట నిప్పింపుమని కోరిరి. మ్రోతకంటె జ్ఞానము మేలని ఆయన గంటకు మాఱుగా పుస్తకములు పంపెను. అవి 116 సంపుటములు. ఎవరికీయవలెనను తగవు బయలుదేరగా, 1790లో గ్రామస్థులు సభచేసి, ఊరివారందఱికిని ఉచితముగ నీయదగునని తీర్మానించిరి. గంట మ్రోగిన క్షణమే వినబడును. పుస్తకము చదివినవారి వెంట ఇంటికి వచ్చును. రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయపు చందాదారులును, కార్యకర్తలును ఆ మహనీయుని స్మరించి, తీసికొనిన పుస్తకము మాయకుండ వేళకు తిరిగి యిచ్చుటయే ఆయనకు తగిన నివాళి.