తిన్నది బలంగా ఎలా మారుతుంది? యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెబితే మన పెద్దలకు ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ గుర్తుకొస్తాయి. మనం రోజూ తినే అన్నం, రాగి ముద్ద ఒంట్లో బలంగా మారే దారిని చూపినవారిలో ఆయనా ఒకరన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. మన ఇళ్లలో పిల్లలకు చెప్పవలసిన కథ ఇది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో పుట్టారు. అప్పట్లో భీమవరమూ, సేలం జిల్లాలో ఉన్న మన హోసూరు, కృష్ణగిరి కూడా మద్రాసు రాజధానిలోనివే. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తుల్లో ఆపరేషన్ గదికి వెళ్లారు. అది సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, ఎల్.ఎం.ఎస్. తోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఈ జబ్బులో చిన్న పేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఎంత తిన్నా పిండిపదార్థాలు, కొవ్వు, విటమిన్లు రక్తంలోకి చేరవు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి చిక్కి శల్యమవుతాడు. తర్వాత సుబ్బారావు గారికీ అదే జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. కంచంలో అన్నం ఉంటే సరిపోదు, పేగు దాన్ని అందుకోవాలి అన్నది ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు.

మామగారి అండతో, దాతల సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరారు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. తర్వాత హార్వర్డులో సైరస్ ఫిస్కే గారి దగ్గర చేరి, శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. దాన్ని నేటికీ వారిద్దరి పేర్లతోనే పిలుస్తారు.

ఆనాటి శాస్త్రవేత్తల నమ్మకం వేరు. మనం తిన్న పిండిపదార్థం గ్లూకోజుగా మారి, కండల్లో గ్లైకోజన్‌గా నిల్వ ఉంటుంది. అది లాక్టిక్ ఆమ్లంగా మారడం వల్లనే కండ కదులుతుందని అనుకునేవారు. ఆ పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫిస్కే, సుబ్బారావు 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. ఏటీపీని జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుగొన్నారు. దీంతో పాత సిద్ధాంతం నిలవలేదు. గ్లైకోజన్ గాదెలో ధాన్యం అనుకుంటే, ఏటీపీ చేతిలో రొక్కం. ధాన్యం అమ్మి రొక్కం చేసుకుంటేనే సంతలో పని జరుగుతుంది.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలకు మారారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే కోలుకున్నారు. సోదరులను బలిగొన్న జబ్బుకు మందు దొరికింది, పాతికేళ్లు ఆలస్యంగా. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే ఆయన అమెరికాలో కన్నుమూశారు. స్వదేశాన్ని మళ్లీ చూడలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

పీచు మీద ఆయన పరిశోధన చేయలేదు. అయినా పేగును గురించి తలచుకున్నప్పుడు దాన్ని వదిలేయలేము. పీచు కూడా పిండిపదార్థాల జాతిదే. మన పేగు దాన్ని అరిగించుకోలేదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి, పేగు గోడకు మేలుచేసే ఆమ్లాలను తయారుచేస్తాయి. మలబద్ధకం తగ్గుతుంది, చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పీచు సుమారు 11 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపే.

మన ప్రాంతంలో ముద్ద తిని పొలం పని చేసిన తరం వెళ్లిపోతోంది. ముద్ద మెత్తగా రావాలని పిండిని సన్న జల్లెడ పట్టి పొట్టు పారేస్తే పీచులో కొంత పోయినట్టే. రాగి అయితే ఎంత తిన్నా పరవాలేదనుకోవడం కూడా సరికాదు. అందులోనూ పిండిపదార్థమే ఎక్కువ, పలుచని రాగి జావతో చక్కెర త్వరగా పెరగవచ్చు. షుగరు ఉన్నవారు ముద్ద పరిమాణం తగ్గించి, పక్కన పప్పు, ఆకుకూర పెంచుకోవాలి. సుబ్బారావు గారి ఫోలిక్ ఆమ్లానికి ఆ పేరు వచ్చింది ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే. ఆకుకూర వడ్డించేటప్పుడు ఆ భీమవరం కుర్రవాడి సంగతి పిల్లలకు తెలుగులో చెప్పండి.