పైసా పైసాకూ లెక్క అడిగిన అనంతశయనం అయ్యంగార్

తిరుచానూరులో పుట్టి, లెక్కల మాస్టారుగా జీవితం మొదలుపెట్టి, కేంద్ర ప్రభుత్వ ఖర్చుల అంచనాలు పరిశీలించే పార్లమెంటు కమిటీకి తొలి చైర్మన్ అయిన ఘనత మాడభూషి అనంతశయనం అయ్యంగార్‌ది. లోక్‌సభ స్పీకర్‌గా ఆయన పేరు చాలామందికి తెలుసు. అంతకుముందు ఆయన చేసిన ఈ పని గురించి తెలిసినవారు తక్కువ.

అయ్యంగార్ 1891 ఫిబ్రవరి 4న జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. తిరుచానూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లాలోకి, 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. తిరుపతి దేవస్థానం హైస్కూలులో చదువుకుని, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పట్టభద్రులై, 1913లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1912లో గణితం ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన 1915లో న్యాయవాద వృత్తి చేపట్టారు. పాత తీర్పులన్నీ ఆయనకు కంఠతా వచ్చేవని పేరు.

గాంధీజీ పిలుపుపై 1921-22లో ఒక ఏడాది కోర్టు వదిలిపెట్టారు. వ్యక్తి సత్యాగ్రహం, క్విట్ ఇండియా ఉద్యమాలలో సుమారు మూడేళ్లు జైలులో గడిపారు. హరిజనుల ఆలయ ప్రవేశానికి పాటుపడ్డారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికై, బ్రిటిష్ ప్రభుత్వాన్ని ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసిన సభ్యుడిగా గుర్తింపు పొందారు.

ఖర్చుకు ముందే పరిశీలన

ఊరి చెరువు కట్టకు మరమ్మతు చేయాలంటే ముందు అంచనా వేస్తారు. పని అయిన తర్వాత లెక్క చూస్తారు. ఈ రెండూ వేర్వేరు పనులు. ఖర్చయిన డబ్బు లెక్క చూడటానికి ప్రజా పద్దుల కమిటీ 1921 నుంచే ఉంది. అయితే డబ్బు పోయాక తప్పు దొరికితే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. అందుకని, అంచనాల దశలోనే పొదుపు మార్గాలు సూచించడానికి అప్పటి ఆర్థిక మంత్రి జాన్ మత్తాయ్ ప్రతిపాదనపై 1950 ఏప్రిల్‌లో అంచనాల కమిటీ ఏర్పడింది. 1948 నుంచి డిప్యూటీ స్పీకర్‌గా ఉన్న అయ్యంగార్ దాని తొలి చైర్మన్ అయ్యారు.

కమిటీలో మొదట 25 మంది సభ్యులు. 1956లో 30కి పెంచారు. మంత్రులకు ఇందులో చోటు లేదు. అధికారులను పిలిపించి, ఎంత అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు, ఇంతమంది సిబ్బంది అవసరమా అని విచారించడం దీని పని. కమిటీలో ఎక్కువమంది అధికార పక్షం వారే. తమ ప్రభుత్వాన్నే తాము నిలదీయవలసిన పరిస్థితి వారిది. 1951-52లో కమిటీ కోట్లు మింగే బహుళార్థక నదీ పథకాల మీద కూడా నివేదిక ఇచ్చింది.

ఒక బలహీనత మాత్రం ఉంది. కమిటీ నివేదిక రాకపోయినా సభ పద్దులను ఆమోదించవచ్చు. సిఫార్సులను ప్రభుత్వం పాటించి తీరాలన్న నిర్బంధమూ లేదు. పాటించకపోతే కారణం చెప్పాలి, అంతే.

కమిటీ ఖర్చు ఎవరు చూస్తారు?

ఇతరుల ఖర్చు చూసే కమిటీకీ ఖర్చు ఉంటుంది. సిబ్బంది జీతాలు, నివేదికల అచ్చు, సభ్యుల దినబత్తెం, దారి ఖర్చులు. ఈ డబ్బు మంత్రుల చేతిలో ఉంటే ఆ మంత్రుల శాఖలనే నిలదీయడం సాధ్యమా? అందుకే రాజ్యాంగం 98వ అధికరణం పార్లమెంటుకు వేరే సచివాలయం ఏర్పరచింది. కమిటీకి సొంత ఖజానా లేదు. దాని సిబ్బంది లోక్‌సభ సచివాలయం వారు. సచివాలయం బడ్జెట్‌ను స్పీకర్ ఆమోదిస్తారు. అది కేంద్ర బడ్జెట్‌లో చేరి సభ ముందుకు వస్తుంది. ఆ లెక్కలూ ఆడిట్‌కు లోబడినవే.

సభ్యుల రాబడి కూడా చట్టం ప్రకారమే. 1954 చట్టం నెలకు 400 రూపాయల జీతం, విధి నిర్వహణలో ఉన్న రోజుకు 21 రూపాయల బత్తెం నిర్ణయించింది. కమిటీ పార్లమెంటు ఆవరణ దాటి సమావేశం కావాలంటే స్పీకర్ అనుమతి కావాలి.

1956 ఫిబ్రవరిలో స్పీకర్ మావలంకర్ మరణించగా, మార్చిలో అయ్యంగార్ ఆ పదవికి ఎన్నికయ్యారు. ఒకప్పుడు కమిటీ నడిపిన మనిషే ఇప్పుడు అన్ని కమిటీల ఖర్చుకూ అనుమతి ఇచ్చే స్థానానికి వచ్చారు. జీవిత బీమా సంస్థ 1957లో ముంద్రా కంపెనీల వాటాలలో పెట్టిన కోటీ 24 లక్షల రూపాయల వ్యవహారాన్ని ఫిరోజ్ గాంధీ సభలో లేవనెత్తినప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది అయ్యంగారే. ఛాగ్లా కమిషన్ విచారణ తర్వాత 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

1962 వరకు స్పీకర్‌గా, తర్వాత 1967 వరకు బీహార్ గవర్నర్‌గా పనిచేసిన అయ్యంగార్ తిరుపతికి తిరిగివచ్చి కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం బాధ్యతలు చూశారు. 1978 మార్చి 19న, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన తొలి చైర్మన్‌గా నడిపిన అంచనాల కమిటీ లోక్‌సభలో నేటికీ 30 మంది సభ్యులతో పనిచేస్తూనే ఉంది. రైతు కట్టిన పన్ను ఎక్కడికి పోతోందని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నను ఢిల్లీలో అధికారుల ముందు పెట్టినవారిలో తిరుచానూరు బిడ్డ ఒకరు.