సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు

చెన్నపట్టణమున స్థిరపడిన ఒక తెలుగు దేవాంగ కుటుంబమున పిట్టి త్యాగరాయ శెట్టిగారు 1852వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన జన్మించిరి. 1876లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి పట్టభద్రులైరి. ఆ దినములలో పట్టము చేతబట్టినవారికి సర్కారు కొలువు సులభముగా లభించుచుండెను. శెట్టిగారు దానివంక చూడక కులవృత్తినే నమ్ముకొనిరి. ఆయన స్థాపించిన నేతశాలలో సుమారు నూరు మగ్గము లాడుచుండెను. చేతితో విసరెడి నాడెకు బదులు, త్రాడు లాగినంతనే పరుగెత్తెడి నాడెను ఆయన అందు ప్రవేశపెట్టిరి. జీవితాంతము తెల్లని వస్త్రములే ధరించి, ఆ తెలుపుతోనే పట్టణవాసులందరకు గుర్తుండిపోయిరి.

స్థానిక పరిపాలనలో ప్రజలకు పాలుండవలెనని రిపన్ ప్రభువు 1882లో తీర్మానము గావించెను. ఆ సంవత్సరముననే శెట్టిగారు చెన్నపురి నగరసభలో సభ్యులుగా ప్రవేశించిరి. అది మొదలు సుమారు నలువది సంవత్సరములు ఆ సభను విడువలేదు. నగరసభ పనియనగా నీళ్లు, దీపములు, మురుగుకాలువలు, వీధులు, బడులు. ఒకనాటి ఉపన్యాసముతో తీరునవి కావు. వానికి ఓపిక కావలెను. అది శెట్టిగారికి సమృద్ధిగా నుండెను.

ఆ సభలోనే డాక్టరు టి. ఎం. నాయరుగారు ఆయనకు గట్టి ప్రతిపక్షి. ఉభయులకు చాలకాలము పొసగలేదు. డాక్టరు సి. నటేశ మొదలియారుగారు పూనుకొని వారిని కలిపిరి. 1916లో ముగ్గురును కూడి దక్షిణ భారత ఉదారవాద సంఘమును స్థాపించిరి. దానినే ప్రజలు జస్టిస్ పార్టీ అనిరి. ఆ పక్షము ఉద్యోగముల పంపకముపై చూపిన శ్రద్ధ తక్కిన విషయములపై చూపలేదని విమర్శించినవారు కలరు. ఆ విమర్శ పూర్తిగా నిరాధారము కాదు. అయినను పదవుల విషయమున నాయకుని నడత వేరుగా నుండెను. 1920లో జరిగిన ఎన్నికలలో పక్షము గెలువగా, రాజధానికి ప్రధానమంత్రిగా నుండుమని గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు శెట్టిగారిని ఆహ్వానించెను. ఆయన అంగీకరింపలేదు. ఆ స్థానము ఎ. సుబ్బరాయలు రెడ్డియారుగారికిని, వారి తరువాత కాళహస్తి ప్రాంతపు తెలుగువారైన పానగల్లు రాజా రామరాయణింగారికిని దక్కెను.

రాజధానికి మంత్రి కానొల్లనివారు నగరసభాధ్యక్షతను మాత్రము ఇష్టపడి స్వీకరించిరి. పూర్వము ఆ పీఠము ప్రభుత్వోద్యోగిది. 1919 నాటి నగర పురపాలక చట్టముతో ఆ పద్ధతి మారగా, సభ్యులచే ఎన్నుకొనబడిన మొదటి అనధికార అధ్యక్షులు శెట్టిగారే. 1922 వరకు ఆ పదవిలో నుండిరి.

థౌజండ్ లైట్స్ పేటలో నగరసభవారి బడి యొకటి యుండెను. అందు చదువు పిల్లలు కడు బీదలు. ఆకలిగొన్న పిల్ల బడికి రాదు. వచ్చినను చెవి పాఠముపై నుండదు. పిల్లలు తగ్గిన బడి నిలువదు. శెట్టిగారు ఈ సంగతి సభవారికి తెలిపి, ఆ పిల్లలకు ఫలహారము పెట్టవలెనని కోరిరి. తల ఒక్కింటికి దినమునకు అణా మించరాదను నిబంధనతో 1920 సెప్టెంబరులో సభ అంగీకరించెను. అణా యనగా రూపాయిలో పదియారవ వంతు. ఆ పద్ధతి మరి నాలుగు బడులకు విస్తరింపగా, వచ్చెడి పిల్లల సంఖ్య పెరిగెను.

విఘ్నము లెక్కల పుస్తకమునుండి వచ్చెను. 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టము క్రింద ఏర్పడిన నిధిలో ఫలహారపు వ్యయమును వ్రాయరాదని ప్రభుత్వము తేల్చెను. బడికి గోడ కట్టుట విద్యావ్యయ మట. బడిలోని పిల్లకు ముద్ద పెట్టుట కాదట! 1925 ఏప్రిల్ 1వ తేదీనుండి ఫలహారము ఆగిపోయెను. ఆ సంవత్సరముననే శెట్టిగారు పరలోకగతులైరి.

తల్లిదండ్రులు మొరపెట్టుకొనగా, కొంతకాలమునకు ప్రభుత్వము అనుమతి నిచ్చెను; బీదపిల్లలకు మరల ఫలహారము పెట్టిరి. 1956లో కామరాజు నాడారుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు మధ్యాహ్న భోజనము మదరాసు రాష్ట్రపు బడులకు వ్యాపించెను.

నగరసభ కార్యాలయమైన రిపన్ భవనము ముంగిట శెట్టిగారి విగ్రహమున్నది. ఒకప్పుడు చెరువుగా నున్న చోట, పానగల్లు రాజాగారి ప్రభుత్వకాలమున వెలసిన పేటకు ఆయన పేరిట త్యాగరాయనగరమని పేరిడిరి. జనులు దానిని కుదించి టి. నగర్ అనుచున్నారు.