ఫానీ మెండెల్సన్ హెన్సెల్

క్రిస్మసునాడు మన దేవాలయములలో పాడెడి దూతల పాట యొక్క రాగము జర్మనీ దేశస్థుడగు ఫీలిక్సు మెండెల్సన్ కల్పించినది. అచ్చుయంత్రమునకు ఆద్యుడగు గూటెన్‌బర్గు జ్ఞాపకార్థము 1840వ సంవత్సరమున జరిగిన యుత్సవమునకై అతడు దానిని వ్రాసెను. తరువాత 1855లో ఒక ఆంగ్లేయుడు దానిని క్రిస్మసు కీర్తనకు అమర్చెను. ఆ విధముగా ఫీలిక్సు రాగము మన పిల్లల నోళ్లలో సయితము నానుచున్నది. అతనికి మూడేండ్లకు పైబడి పెద్దదగు అక్క యొకతె యుండెను. విద్యలో తమ్మునికి ఏ మాత్రము తీసిపోని యా యక్క పేరు మాత్రము చాలకాలము మరుగున బడియుండెను. ఆమె చరిత్రము చదువరులు తెలిసికొనదగినది.

ఫానీ 1805వ సంవత్సరము నవంబరు 14వ తేదీన హాంబర్గు నగరమున జన్మించెను. తండ్రి అబ్రహాము ధనికుడగు బ్యాంకు వ్యాపారి. తల్లి లేయా సంగీతమును పెక్కు భాషలను నేర్చిన విదుషీమణి. తాత మోషే మెండెల్సన్ యూరపు ఖండమంతట పేరొందిన యూద తత్త్వవేత్త. 1811లో ఈ కుటుంబము బెర్లినుకు తరలిపోయెను. 1816లో తలిదండ్రులు తమ నలుగురు బిడ్డలకును ప్రొటెస్టెంటు సంఘమున బాప్తిస్మ మిప్పించిరి.

శిశువు పుట్టగానే తల్లి యామె వ్రేళ్లను చూచి, ఇవి బాఖ్ ఫ్యూగులు వాయింపదగిన వ్రేళ్లని మురిసెనట. ఫ్యూగనగా ఒకే పల్లవిని పలు స్వరములు ఒకదాని వెంట నొకటి తరుముకొనుచు పలికెడి కఠినమైన రచన. తల్లి మాట వ్యర్థము కాలేదు. పదుమూడేండ్ల ప్రాయమున, 1818లో, తండ్రి జన్మదినమునకు కానుకగా ఫానీ బాఖ్ రచించిన 24 ప్రెల్యూడులను పుస్తకము చూడకయే పియానోపై వాయించెను. మనలో ఎందరు పిల్లలు పదునాలుగవ యేట నాలుగు పద్యములను తప్పులేక యప్పగింపగలరో చదువరులే యాలోచింతురుగాక!

అక్కకును తమ్మునికిని గురువు లొక్కరే. బెర్గరు పియానోను, జెల్టరు సంగీత రచనను ఇరువురకు నేర్పిరి. ఇరువురును రచనలు చేసి యొకరి వ్రాతల నొకరు దిద్దుకొనుచుండిరి. కాని 1820 జూలైలో తండ్రి ఆమెకొక యుత్తరము వ్రాసెను. సంగీతము తమ్మునికి బహుశః వృత్తి కావచ్చుననియు, ఆమెకు మాత్ర మది యలంకారముగానే యుండదగుననియు దాని తాత్పర్యము. తండ్రి కఠినుడు కాడు. బిడ్డలకు ఉత్తమ గురువులను పెట్టినవాడతడే. చదువు చెప్పించి, ఆ చదువును పెట్టెలో పెట్టి దాచుకొమ్మనెడి తండ్రులను మనమును చూచియే యున్నాము.

విల్హెల్ము హెన్సెల్ అను చిత్రకారుడు ఫానీని పెండ్లాడగోరెను. అతడు రాజపోషణమున రోమునగరమునకు పోయి 1823 మొదలు ఐదేండ్లు చిత్రకళ నభ్యసించెను. ఆ కాలమంతయు వారిరువురు ఉత్తరములు వ్రాసికొనుటకు తల్లి యొప్పుకొనలేదు. ఉత్తరములు కూడదన్నారు గాని బొమ్మలు కూడదనలేదు! కావున అతడు బొమ్మలు గీసి యింటివారికి పంపుచుండెను. 1829 అక్టోబరు 3వ తేదీన వివాహమయ్యెను. ఫీలిక్సు లండనులో బండి ప్రమాదమున గాయపడి రాలేకపోయెను. పెండ్లికి కావలసిన ఆర్గన్ వాద్యరచనలో కొంత భాగమును పెండ్లికూతురే ముందునాటి రాత్రి కూర్చుండి ముగించెను. మరుసటి యేట సెబాస్టియను అను కుమారుడు కలిగెను. భర్తకు సంగీతము రాదు. అయినను భార్య రచనలు మానరాదనియు, వానిని అచ్చువేయింపవలెననియు అందరికంటె నెక్కువగా పట్టుబట్టినవాడతడే.

ఫీలిక్సు నడవడి ఇంత తేటగా లేదు. అక్కను అతడు ప్రాణముతో సమానముగా ప్రేమించెను. తన రచనలను ముందుగా ఆమెకే చూపెను. కాని ఆమె రచనలు ఆమె పేరున వెలువడుట అతనికి సమ్మతము కాదు. తన 8వ, 9వ సంపుటములలో ఆమె పాటలను మూడేసి చేర్చి తన పేరుననే ప్రకటించెను. 1842లో ఇంగ్లాండు రాణియగు విక్టోరియా అతనిని బకింగుహాము మందిరమునకు రావించి, ఆ సంపుటములలో తన కిష్టమైన పాటనొకదానిని పాడెను. అది ఫానీ పాట! రాణి యెదుట ఫీలిక్సు ఆ సంగతి నొప్పుకొనవలసి వచ్చెను. 1837లో తల్లి స్వయముగా, అక్కను ప్రోత్సహింపుమని వ్రాసినప్పుడు సయితము అతడు సమ్మతింపలేదు. గృహిణికి ఇల్లే ముఖ్యమనియు, గ్రంథకర్త్రి యగుట ఆమె స్వభావమునకు తగదనియు ప్రత్యుత్తరమిచ్చెను. ఆ మాట ప్రేమతో పలికినదే యైనను అది యామె పదేండ్ల కాలమును హరించెను.

ఈ నిర్బంధములోనే ఫానీ తనకొక చిన్న రాజ్యమును కల్పించుకొనెను. 1825లో తండ్రి కొన్న యింటి తోటలో నొక విశాలమైన మందిరముండెను. 1831 మొదలుకొని ఆమె అచట ఆదివారపు సంగీత సభలను నడిపెను. టిక్కెట్టు లేదు, పిలువబడినవారు వచ్చెడివారు. కార్యక్రమమును ఏర్పరచుట, గాయకులకు నేర్పుట, పియానో వాయించుట, బృందమును నడపుట అన్నియు నామె పనియే. బాఖ్, మోజార్టు, గ్లుక్, బేతోవెను మహాశయుల కృతుల ప్రక్కనే తమ్ముని రచనలును ఆమె రచనలును వినబడుచుండెను. లిస్టు వంటి ఘనులు ఆ సభలకు వచ్చిరి. ఇట్లు కొలదిమంది వాద్యకారులు చిన్న మందిరమున కూడి, ఒక్కొక్కరొక్కొక్క స్వరభాగమును పట్టి వాయించుటయే చేంబరు సంగీతము. పెద్ద బృందములో నొకని తప్పు దాగును, ఇచట దాగదు. ప్రతివాడును తన భాగమును వాయించుచు ప్రక్కవాని భాగమును వినవలెను. 1834లో ఆమె నాలుగు తంత్రీవాద్యములకు వ్రాసిన క్వార్టెట్టు అట్టిదే. తమ్ముడు దాని కట్టుబాటులో లోపమెన్నెను. ఆ పిమ్మట ఆమె మరియొక క్వార్టెట్టు వ్రాయలేదు.

బహిరంగ సభలో ఆమె పియానో వాయించుట యెరిగినంతలో ఒక్కసారియే: 1838 ఫిబ్రవరిలో, బీదల సహాయార్థము, అదియు తమ్ముని రచనయే. 1839లో భర్తతోను కుమారునితోను ఇటలీ దేశమునకు పోయెను. అచట గూనో మొదలగు యువకళాకారులు ఆమె వాద్యమును ఆదరముతో వినిరి. ఆ యాత్రా స్మృతులతో 1841లో పండ్రెండు నెలలకు పండ్రెండు పియానో రచనలు చేసెను. భర్త వాని వ్రాతప్రతిని బొమ్మలతో నలంకరించెను. అదియు పెట్టెలోనే యుండెను.

తుదకు 1846లో, నలువది యేండ్ల వయస్సున, ఫానీ నిశ్చయించుకొనెను. పదునాలుగేండ్లప్పుడు తండ్రికి భయపడినట్లే నలువదియేండ్లకు తమ్ములకు భయపడుచున్నానని ఫీలిక్సుకు వ్రాయుచునే, తన పాటలను అచ్చునకిచ్చుచున్నట్లు తెలిపెను. అనుమతి యడుగలేదు, తెలిపెను. నెల దాటిన పిదప అతడు ఆశీర్వాదము పంపెను. ఆరు పాటలు ఆమె పేరుతో మొదటి సంపుటముగా బెర్లినులో వెలువడెను.

మరుసటి వసంతమున క్లారా షూమన్ బెర్లినుకు రాగా వారికి స్నేహము కుదిరెను. క్లారాకు ఆమె తండ్రి చిన్ననాడే వాద్యమును వృత్తిగా నేర్పెను. ఆమె దేశదేశముల కచ్చేరీలు చేసి సంపాదించెను. ధనికుని కుమార్తె యగుటచేత ఫానీకి ఆ స్వేచ్ఛ లేకపోయెను. సంపదయే సంకెల యయ్యెనని నా యభిప్రాయము. క్లారా 1846లో పియానో, ఫిడేలు, సెల్లోలకు ఒక ట్రియో రచించియుండెను. ఫానీయు అవే వాద్యములకు ఒక ట్రియో వ్రాసి, చెల్లెలు రెబెక్కా జన్మదినమగు 1847 ఏప్రిలు 11వ తేదీన ఆదివారసభలో వాయించెను. ఆరంభమున పియానో వరదవలె పరుగెత్తుచుండగా దానిపై ఫిడేలు, సెల్లో కలిసి దీర్ఘమైన రాగమును సాగదీయును. మూడవ భాగమునకు ఆమె పెట్టిన పేరు పాట యనియే. మాటలులేని చిన్న పాటవలె నదియుండును.

నెల గడచిన పిదప, మే 14వ తేదీన, ఆదివారసభకై తమ్ముని కృతినొకదానిని అభ్యసింపజేయుచుండగా ఆమె చేతులు మొద్దుబారెను. ప్రక్కగదిలోనికి పోయి, లోపల అభ్యాసము సాగుచుండగా వినుచుండెను. ఆ రాత్రియే మెదడులోని రక్తనాళము దెబ్బతినిన కారణమున మరణించెను. వయస్సు 41 సంవత్సరములు. వార్త విని ఫీలిక్సు కేకవేసి మూర్ఛిల్లెను. ఆ వేసవిలో స్విట్జర్లాండున అతడు వ్రాసిన క్వార్టెట్టులో వినబడునది ఆ దుఃఖమే. నవంబరు 4వ తేదీన అతడును గతించెను. బెర్లినులో అక్క ప్రక్కనే అతనిని సమాధి చేసిరి.

ఆమె రచనలు 450కి పైబడినవి. ట్రియో 1850లో అచ్చయ్యెను. క్వార్టెట్టు 1988 వరకు వేచియుండెను. నేడు చేంబరు సంగీత సభలలో ఆమె ట్రియోను, క్లారా ట్రియోను బేతోవెను కృతులతో కలిపి వాయించుచున్నారు. 1828లో ఆమె రచించిన ఈస్టరు సొనాటా వ్రాతప్రతి 1970లో ఫ్రాన్సు దేశమున దొరకినప్పుడు, అది ఫీలిక్సుదే యని యెంచిరి. 2010లో ఒక పరిశోధకురాలు ఆ ప్రతిని స్వయముగా చూచి, కాగితముల అంకెలు ఫానీ వ్రాతపుస్తకములో లోపించిన పుటలకు సరిపోవుట గుర్తించెను. 2017 మార్చి 8వ తేదీన లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ మ్యూజిక్కున దానిని ఫానీ పేరుననే వాయించిరి.